కేటీ డాక్యుమెంటు గారికి, ఉభయకుశలోపరి

వెళ్లేవాడి పనంతా వచ్చేవాడికి రాతలో అప్పజెప్పే మహారాజశ్రీ నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ (కేటీ) డాక్యుమెంటు గారి దివ్యసముఖానికి,

నోటీసు పీరియడ్‌లో 81వ రోజు గడుపుతున్న ఒక ఉద్యోగి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. షేర్డ్ డ్రైవులో, 'పాతవి' అనే ఫోల్డరు లోపలున్న 'పాతవి కొత్త' అనే ఫోల్డరులో తమరూ క్షేమమేనని తలుస్తాను. ఎవరూ కదపరు కాబట్టి తమరి ఆరోగ్యానికి ఢోకా లేదు.

మనిషి పనిచేసినన్నాళ్లూ తమరు ఎవరికీ గుర్తు రారు. 'నేను చేసేది ఎక్కడైనా రాసిపెడదామా' అని వాడే అడిగినా 'ముందు కంప్లయింటు టికెట్లు క్లోజ్ చెయ్యి బాబూ' అంటారు. రాజీనామా పెట్టిన మర్నాడు మాత్రం మేనేజరుకి తమరి మీద ఎక్కడలేని ప్రేమ పుడుతుంది. అప్పుడైనా 90 రోజుల నోటీసులో 80 రోజులు పెండింగ్ పని చేయించుకుని, మిగిలిన పదిరోజుల్లో తమరిని కనమంటారు. మా ఊళ్లో శవాన్ని శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో ఒకచోట దింపుతారు. లేస్తాడేమోనని చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. దింపుడు కళ్లం ఆశ అంటారు దాన్ని. ఆఫీసులో కేటీ సెషన్ 1, 2, 3 అంటారు. శవానికి ఉన్న సుఖం ఏమిటంటే, పలక్కపోయినా రిలీవింగ్ లెటర్ ఆపరు.

మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. అందరం గురువుగారూ అనేవాళ్లం. 2000 రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఊరూరి పిల్లలూ అమీర్‌పేటకి చేరిన 1998లో, అక్కడే ఒక కోచింగ్ సెంటరు బెంచీ మీద కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. పోయినేడాది ఆ కోబాల్‌తోనే రిటైరయ్యారు. ఆయన కేటీలో తమరు 84 పేజీలు. ఎంత ముచ్చటగా ఉన్నారో! కవర్ పేజీ, రివిజన్ హిస్టరీ, తయారుచేసినది ఎవరు, సరిచూసినది ఎవరు, ఆమోదించినది ఎవరు. లాగిన్ అవడం ఎలాగో ఏడు స్క్రీన్‌షాట్లు, పాస్‌వర్డ్ గడిలో చుక్కలతో సహా. రివర్స్ కేటీ కూడా అయింది. ఆయన చెప్పింది ఆయనకే ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పాను. మేనేజరు సైన్ ఆఫ్ ఇచ్చారు. కేకు కోశాం.

ఆ నెలాఖరున రాత్రి రెండున్నరకి, దానంతటదే నడవాల్సిన బ్యాచ్ జాబ్ అబెండ్ అయింది, అంటే మధ్యలో ఆగిపోయింది. ఎర్రర్ కోడ్ ఎస్ జీరో సీ సెవెన్. అంకె ఉండాల్సిన చోట అంకె లేదని మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటరు మొర. 84 పేజీలూ తిరగేస్తే 37వ పేజీలో తమరి ఉపదేశం దొరికింది: 'జాబ్ ఫెయిల్ అయినచో సమస్యను గుర్తించి, పరిష్కరించి, తిరిగి రన్ చేయవలెను.' నూతిలో పడినచో పైకి రావలెను అన్నట్టు. నాలుగున్నరకి సిగ్గు విడిచి గురువుగారికే ఫోన్ చేశాను. 'నెలాఖరు కదూ? ఫైలు అడుగున ఒక ఖాళీ లైను వస్తుంది, తీసెయ్' అన్నారు నిద్రగొంతుతో. పదకొండేళ్లుగా ప్రతి నెలాఖరునా పడుకోబోయే ముందు లాగిన్ అయి ఆ లైను తీసేస్తున్నారట. (ప్రోగ్రాములో చిన్న మార్పు చేస్తే పోయేదే. మార్పు చేయాలంటే క్లయింటుకి చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి. అంతకంటే పదకొండేళ్లు మేలుకోవడం తేలిక.)

'మరి కేటీలో రాయలేదేం గురువుగారూ?' అన్నాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. 'అది కూడా పనేనా?'

ఆ మాట దగ్గరే తమరికీ నాకూ చెడింది. మనిషి దాచుకున్నదాన్ని కక్కించగలరేమో గానీ, తనకు తెలుసని తనకే తెలియనిదాన్ని ఏ గడిలో నింపిస్తారు?

మా ఆఫీసు దరిద్రమే ఇది అనుకోకండి, తమరి ఖ్యాతి అణ్వస్త్రాల దాకా పాకింది. అమెరికా జలాంతర్గాముల క్షిపణులకు అమర్చే డబ్ల్యూ76 వార్‌హెడ్‌లో ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థం ఉంటుంది. అదేమిటో నేటికీ రహస్యం. టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌లో 1975 నుంచి 1989 దాకా చేసి, ఆపేశారు. పాత వార్‌హెడ్లను బాగుచేయడానికి మళ్లీ కావలసి వచ్చి చూస్తే, తయారీ రికార్డులు అరకొర. చేసినవాళ్లలో దాదాపు అందరూ రిటైరో, మరోచోటికో. ఎంత భద్రంగా దాచారంటే, దాచినవాళ్లకే దొరకలేదు. దీనివల్ల పని కనీసం ఏడాది వెనకబడిందనీ, ఈ తిప్పలకే 6 కోట్ల 90 లక్షల డాలర్లు పోయాయనీ 2009లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క చెప్పింది.

అసలు సంగతి తర్వాత తేలింది. పాతరోజుల్లో ముడిసరుకులో ఒక మలినం ఉండేది. సరుకు కుదిరేదే దానివల్ల. కొత్తవాళ్లు కొత్త పద్ధతిలో శుభ్రంగా కడిగి దాన్ని తీసేశారు. పాతవాళ్లయినా చెప్పలేదేం అంటారా? ఆ మలినమే కాపాడుతోందని వాళ్లకీ తెలీదు. మా దగ్గర తీసేయకపోవడం తప్పు, అక్కడ తీసేయడం తప్పు. రెండుచోట్లా ఫైళ్లలో తమరు దర్జాగానే ఉన్నారు.

2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నరు, తమ నిరుద్యోగ భృతి కంప్యూటర్ల కోసం కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రండి అని బహిరంగంగా అడిగారు. గురువుగారు ఆ వార్తని టీమ్ గ్రూపులో పెట్టి ఒక నవ్వు బొమ్మ తగిలించారు. ఒక కుర్రాణ్ణి నా పక్కన కూర్చోబెట్టండి, చూస్తూ నేర్చుకుంటాడు అని ఆయన అడిగి అప్పటికి రెండేళ్లు. బడ్జెట్ లేదన్నారు. తమరికి జీతం ఇవ్వక్కర్లేదు కదా.

ఇప్పుడు నా వంతు. నా దగ్గర నేర్చుకోవాల్సిన అబ్బాయి కెమెరా ఆపేసి వింటున్నాడు. 'రికార్డింగ్ ఉంటుందిగా అన్నా, తర్వాత చూస్తా' అంటున్నాడు. నేనూ అప్పట్లో అదే అన్నాను. అయినా ఈసారి పట్టుదలగా ఖాళీ లైను సంగతి తమరిలో రాశాను, స్క్రీన్‌షాటుతో సహా. రివ్యూలో మేనేజరు గారు చదివి కంగారుపడ్డారు. 'క్లయింటు చూస్తాడయ్యా! పన్నెండేళ్లుగా చేత్తో తీసేస్తున్నామని మనమే రాసిస్తామా?' అని ఆ పేరా తీసేశారు. శుభ్రంగా కడిగేశారు.

అందుకని ఆఖరి పేజీలో 'ఇతర వివరాలు' అనే చోట, ఎవరూ అంతదూరం చదవరన్న ధైర్యంతో, గురువుగారి ఫోన్ నంబరు వేశాను. ఆయన్ని అడిగే వేశాన్లెండి. సాయంత్రం నాలుగింటికి మనవరాలిని బడి నుంచి తీసుకురావడానికి వెళ్తారు, ఆ టైములో చెయ్యొద్దని కూడా రాశాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి వెర్షన్ 4 ఫైనల్, ఫైనల్ కొత్తది రాసిన విధేయుడు