వీఎంఎక్స్ కనిపిస్తే చాలా?

మాదాపూర్ వైపు అడ్మిన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది: ‘సీపీయూఇన్ఫోలో వీఎంఎక్స్ ఉందా, క్యూఎమ్యూ వెర్షన్ ఎంత, ఈ రెండూ చూసుకుంటే చాలు. హోస్ట్‌లో ఉన్నదే గెస్ట్‌కీ వస్తుంది. క్యాపబిలిటీలు అడగడానికి లిబ్‌వర్ట్‌లో అన్ని ఏపీఐలు దండగ. అవును, కాదు అని చెబితే పోయేదానికి అంత ఎక్స్‌ఎంఎల్ ఎందుకు?’

కొత్తవాళ్లకి ఓ మాట: అసలు మెషీన్ హోస్ట్, దాని మీద సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ మెషీన్ (వీఎం) గెస్ట్. ఆ వీఎంని నడిపే ప్రోగ్రామ్ క్యూఎమ్యూ, వీఎంలని మేనేజ్ చేసే సాఫ్ట్‌వేర్ లిబ్‌వర్ట్, అది జవాబులిచ్చే ట్యాగుల ఫార్మాట్ ఎక్స్‌ఎంఎల్. సీపీయూఇన్ఫో అంటే లినక్స్‌లో ప్రాసెసర్ వివరాలుండే ఫైలు, వీఎంఎక్స్ అంటే ప్రాసెసర్‌కి వీఎంలు నడిపే సత్తా ఉందని అందులో కనిపించే ఫ్లాగ్.

ల్యాప్‌టాప్‌లో ఒక్క వీఎం నడుపుకునేవాళ్లకి ఆ మెసేజ్ సరిపోతుంది. సర్వర్లు చూసుకునేవాళ్లు నమ్మితే మాత్రం చిక్కే.

వీఎంఎక్స్ అనేది ఇంటెల్ మాట. ఏఎండీలో అది ఎస్‌వీఎం, ఆర్మ్ మెషీన్లో రెండూ కనిపించవు. పోనీ ఇంటెలే అనుకుందాం. కేవీఎం మాడ్యూల్ (ప్రాసెసర్‌లోని ఆ సత్తాని వాడుకునే లినక్స్ కెర్నల్ భాగం) లోడ్ కాకపోయినా, దాన్ని వాడే పర్మిషన్ మీకు లేకపోయినా ఆ ఫ్లాగ్ అక్కడే కూర్చుని ఉంటుంది.

వెర్షన్ నంబర్ని నమ్మడం ఇంకా తప్పు. రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ కంపెనీలవాళ్లు కొత్త ఫీచర్లని పాత వెర్షన్లోకి తెచ్చి కలుపుతారు, అక్కర్లేని డివైస్‌లని బిల్డ్‌లోంచే తీసేస్తారు. నంబర్ ఒకటే, సరుకు వేరు. లిబ్‌వర్ట్ కూడా ఒకప్పుడు క్యూఎమ్యూ హెల్ప్ టెక్స్ట్ చదివి లెక్కలు కట్టేది. క్యూఎమ్యూ 1.2 నుంచి క్యూఎంపీ (క్యూఎమ్యూతో మాట్లాడే ప్రోటోకాల్) ద్వారా ఆ బైనరీనే అడుగుతోంది.

అసలు పొరపాటు ‘హోస్ట్‌లో ఉన్నదే గెస్ట్‌కీ’ అన్న చోట ఉంది. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి పెద్ద జనరేటరే ఉంది. కరెంటు పోతే లిఫ్టు నడుస్తుంది, ఫ్లాట్‌కి రెండు లైట్లు, ఓ ఫ్యాను. ఏసీ వేశారో, ట్రిప్పే! హోస్ట్‌లో ఉన్నదంతా గెస్ట్‌కి రాదు, అలాగే. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడినప్పుడు ఇదే జరిగింది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అప్‌డేట్ వేశాక హోస్ట్‌లో కొత్త ఫ్లాగ్ వచ్చింది, గెస్ట్‌లో లేదు. నాతో పనిచేసే కుర్రాడు గెస్ట్‌ని మూడుసార్లు రీబూట్ చేశాడు పాపం. లోపల ఎన్ని రీబూట్లు కొట్టినా బయట నడిచేది ఆ పాత క్యూఎమ్యూ ప్రాసెసే కదా. క్యూఎమ్యూ అప్‌డేట్ చేసి, సీపీయూ మోడల్లో ఆ ఫ్లాగ్ చేర్చి, వీఎం పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ కనిపించలేదు.

అందుకే లిబ్‌వర్ట్‌ని అడిగే ప్రశ్నలు రెండయ్యాయి: హోస్ట్‌లో ఏముంది, గెస్ట్‌కి ఏమొస్తుంది. గెట్‌క్యాపబిలిటీస్ అనే ఏపీఐ ముఖ్యంగా హోస్ట్ సంగతి చెబుతుంది. 2014లో వచ్చిన గెట్‌డొమైన్‌క్యాపబిలిటీస్ ఏ ఎమ్యులేటర్, ఏ ఆర్కిటెక్చర్, ఏ మెషీన్ టైప్ (గెస్ట్‌కి చూపించే మదర్‌బోర్డు రకం), కేవీఎమ్మా కాదా అని చూసుకుని గెస్ట్‌కి ఏం ఇవ్వగలదో చెబుతుంది. ఒకే హోస్ట్ మీద ‘పీసీ’ అనే పాత మెషీన్ టైప్ గురించి అడిగితే వీసీపీయూలు (గెస్ట్‌కి ఇచ్చే ప్రాసెసర్లు) 255 దాకా అంటుంది, క్యూ35 అనే కొత్త టైప్ అయితే అంతకంటే ఎక్కువ.

ఇక ఎక్స్‌ఎంఎల్. అది చదవడం నాకూ విసుగే, ఒప్పుకుంటా. కానీ ఫలానా సీపీయూ మోడల్ వాడుకోవచ్చా అన్నదానికి అక్కడ జవాబులు మూడు: అవును, కాదు, తెలియదు. ఆ మూడోదాన్ని ‘కాదు’లో కలిపేస్తే పనిచేసే మోడల్ కూడా చేజారుతుంది. ‘అవును’లో కలిపేస్తే, వీఎం లేవడం లేదని అర్ధరాత్రి ఫోన్ వస్తుంది.