పువ్వులు సరే, కొలతలేవీ?

టీవీలో మిద్దెతోట కార్యక్రమాల నిడివి తగ్గిపోయిందని ఒక వ్యాసంలో రచయిత బాధపడ్డారు. నిడివి సంగతి అలా ఉంచండి, అసలు కొలతలే మాయమయ్యాయి. యాంకరమ్మ బుట్ట పట్టుకుని టమాటాలు కోయడం, పైనుంచి డ్రోన్ షాట్, వెనక వీణ. పురుగు పడితే ‘కాస్త వేపనూనె కొట్టండి’ అని ఒక్క ముక్క. కాస్త అంటే ఎంత? లీటరు నీటికి 5 మి.లీ. ముందు నూనెలో కొంచెం సబ్బునీళ్లు కలిపి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, తర్వాతే మిగతా నీళ్లు పోయాలి. నేరుగా పోస్తే నూనె పైకి తేలుతుంది. స్ప్రేయర్ గొట్టం అడుగు నుంచి లాగుతుంది కాబట్టి మొదట వట్టి నీళ్లు, చివర్లో చిక్కటి నూనె పడి ఆకులు మాడతాయి. కొట్టేది సాయంత్రం, ఆకుల అడుగున కూడా.

మరీ ఘోరం, సొరపాదుకు చేత్తో పరాగసంపర్కం మిట్టమధ్యాహ్నం చేసి చూపించడం. కెమెరాకి వెలుతురు కావాలి మరి! సొర, బీర పూలు విచ్చేది పొద్దువాలాక. అప్పుడే మగపువ్వు కోసి, రెక్కలు తుంచేసి, కింద బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అద్దాలి. మర్నాడు వాడిపోయిన పువ్వుకి ఎంత అద్దినా పిందె పసుపెక్కి రాలిపోతుంది. గుమ్మడికైతే తెల్లవారాక, ఎండ ముదరకముందే.

సినిమావాళ్ల తోటలు చూపించుకోండి, కాదనం. ఆ టమాటాల కుండీలో మట్టి ఎంత, ఎరువు ఎంత అన్నది కింద స్క్రోలింగ్‌లోనైనా వేయండి, నగల దుకాణం ప్రకటన పక్కనే.