మ్యాపు మింగిన కొండ

సముద్రం ఒడ్డున, కొండల మీద కట్టిన నగరాన్ని కాలినడకన చూసొస్తానని ఎవరైనా బయలుదేరితే ఆపే అధికారం ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు. ఈ లోటును పాలకులు ఎప్పుడు గుర్తిస్తారో తెలియదు కనుక, ఈలోగా ప్రజల పిక్కలను కాపాడే బాధ్యతను ఈ కాలమ్ తన భుజాన వేసుకుంటోంది. "ఊరంటే నడిచి చూడాలండీ, అప్పుడే దాని ఆత్మ తెలుస్తుంది" అని ఉపదేశించేవాళ్లను ఒకసారి గమనించండి. చాలావరకు వాళ్లు కారులో కొండ మీదికి చేరి, అక్కడి నుంచి కిందికి నడిచినవాళ్లయి ఉంటారు. ఊరి ఆత్మ సంగతేమో గానీ, ఎక్కేటప్పుడు బయటికి రావడానికి తొందరపడేది మాత్రం మన ఆత్మే.

మొదటి హెచ్చరిక మ్యాపు గురించి. మ్యాపు కాగితం మీద ఉన్నా, ఫోన్లో ఉన్నా ఊరిని పైనుంచి చూస్తుంది. పైనుంచి చూసేవాడికి మెట్లెక్కే పనుండదు. "గమ్యం 400 మీటర్లు, 5 నిమిషాలు" అని చల్లగా చెబుతుంది. ఆ 400 మీటర్ల మధ్యలో ఇరవై అంతస్తుల ఎత్తు నిలబడి ఉంటే అది మీకూ కొండకీ మధ్య వ్యవహారం, తనకి సంబంధం లేదు. మ్యాపులో రెండు వీధులు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి. తీరా వెళ్తే ఒకటి వంతెన మీద పోతుంటుంది, రెండోది దాని కింద సొరంగంలో. మీరు చేరాల్సిన ఇల్లు ఎదురుగానే ఉంటుంది, కాకపోతే దాని పునాది మీ నెత్తిన ఉంటుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే కాంటూరు గీతలున్న మ్యాపు సంపాదించండి. గీతలు ఎడం ఎడంగా ఉన్నచోట నడవండి, ఒకదాని మీద ఒకటి పడుతూ ఒత్తుకుపోయిన చోటికి ఇంట్లో నచ్చనివాళ్లను పంపండి. పర్యాటకులకు పంచిపెట్టే రంగుల మ్యాపుల్లో ఈ గీతలు సాధారణంగా కనిపించవు. నిజం చెబితే మ్యాపు అందం చెడిపోతుంది మరి.

కాలాన్ని లెక్కకట్టడానికి కూడా ఓ సూత్రం ఉంది. స్కాట్లండ్‌కు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లోనే చెప్పి పెట్టాడు: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అంటే నూరు మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు కలుపుకోవాలి. ఇరవై అంతస్తులంటే ఇంచుమించు అరవై మీటర్లు కనుక, పైన మ్యాపు చెప్పిన ఐదు నిమిషాలు ఈ లెక్కన పదకొండవుతాయి. నైస్మిత్ తన సూత్రాన్ని ఆరోగ్యంగా ఉన్న నడకగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాడు. ప్రతి మలుపులోనూ ఆగి, ఊపిరాడక ఆగామని పక్కవాళ్లకు తెలియకుండా సముద్రాన్ని ఫొటో తీస్తున్నట్టు నటించే సమయాన్ని ఆయన కలపలేదు. దాన్ని ఎవరికి వారు వేసుకోవాలి. ఒకే సముద్రాన్ని, ఒకే ఓడను, ఒకే కోణంలో ముప్పైసార్లు తీసిన ఆల్బమ్ ఎవరి ఫోన్లోనైనా కనిపిస్తే వాళ్లు ఛాయాచిత్రకారులు కారని, కొండెక్కారని అర్థం చేసుకోండి.

వాల్డో టోబ్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1993లో ఇంకో సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం మనిషి అన్నిటికన్నా వేగంగా నడిచేది చదునైన నేల మీద కాదు, నూటికి ఐదు వంతులు కిందికి వాలిన నేల మీద. ఇది మనకు ఎంతో ఊరటనిచ్చే విషయం. అలాంటి వాలు కొండ నగరంలో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. దాన్ని చేరడానికి ముందు ఏం ఎక్కాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక వాలును కొలిచే పద్ధతి. అడ్డంగా నూరు మీటర్లు పోయేసరికి ఎన్ని మీటర్లు ఎక్కితే అంత శాతం. నూటికి నూరు శాతం వాలు అంటే నిట్టనిలువు గోడ అని భయపడకండి, అది 45 డిగ్రీలే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో బాల్డ్విన్ స్ట్రీట్ అని ఓ వీధి ఉంది. దాని వాలు దాదాపు 35 శాతం, అంటే 19 డిగ్రీలు. ప్రపంచంలోకెల్లా నిటారైన వీధి అన్న గిన్నిస్ బిరుదు దానిదే. 2019లో వేల్స్‌లోని హార్లెక్ అనే ఊరు "మా వీధి మీదానికన్నా దుర్మార్గమైనది" అని ఆధారాలతో నిరూపించి ఆ బిరుదు ఎత్తుకుపోయింది. డునెడిన్ వాళ్లు ఊరుకోలేదు. వీధిని పక్క అంచున కాకుండా నడిమధ్య గీత మీద కొలవాలని వాదించి 2020లో బిరుదును వెనక్కి తెచ్చుకున్నారు. మా వీధిలో నడవడమే కష్టం అంటే మా వీధిలో ఇంకా కష్టం అని భూగోళానికి రెండు కొసల నుంచి రెండు ఊళ్లు పోటీపడటం నాగరికత సాధించిన ఎత్తుల్లో ఒకటి. నాది ఒక్కటే సందేహం. నడిచేవాడు పోయేది అంచునే కదా, మరి కొలిచేది నడిమధ్యన ఎందుకు? ఈ ప్రశ్న గిన్నిస్ వాళ్లకు తట్టినట్టు లేదు. బాల్డ్విన్ స్ట్రీట్‌లో నిటారైన భాగానికి తారు బదులు కాంక్రీటు వేశారు, ఎండకు తారు మెత్తబడి కిందికి జారిపోతుందని. తారుకు మినహాయింపు దొరికింది. మనిషికి దొరకలేదు.

ఇలాంటి వీధులు ఎలా పుడతాయంటే, కొండ ఎక్కనివాడి చేతికి స్కేలు ఇస్తే పుడతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1847లో జాస్పర్ ఓఫారెల్ సర్వే చేసి వీధుల గళ్లు గీశాడు. గీత తిన్నగా పోయింది. దారిలో కొండ వస్తే దాన్నీ ఎక్కింది. గీతకు ఆయాసం రాదు. అందుకే అక్కడ ఫిల్బర్ట్ స్ట్రీట్ ఒకచోట 31.5 శాతం వాలుతో లేస్తుంది. టెలిగ్రాఫ్ హిల్ దగ్గరికి వచ్చేసరికి వీధి తన చేతకానితనం ఒప్పుకుని మెట్లుగా మారిపోతుంది. కాగితం మీద మాత్రం ఇప్పటికీ అది వీధే.

అదే ఊళ్లో లొంబార్డ్ స్ట్రీట్ చూడటానికి జనం ఎగబడతారు. నిటారుగా ఉన్న ఆ ముక్కలో కార్లు ఇబ్బంది పడుతున్నాయని 1922లో దాన్ని ఎనిమిది మలుపులు తిప్పి సుతారంగా దింపారు, మధ్యలో పూలమొక్కలు తర్వాత పెట్టారు. నడిచేవాళ్ల కోసం కూడా ఆలోచించారు. వాళ్లకు రెండు పక్కలా తిన్నగా మెట్లు కట్టారు. ఇంజను ఉన్నదానికి వంపులు, ఊపిరితిత్తులు తప్ప మరేమీ లేనివాడికి నిటారు. అక్కడితో ఆగలేదు. వాలు మీద కారు ఆపితే చక్రాలు కాలిబాట అంచుకు ఆనేలా తిప్పి పెట్టాలని ఆ ఊళ్లో నిబంధన ఉంది, కారు జారిపోకుండా. అదే వాలు మీద రొప్పుతూ ఆగిన మనిషి ఎటు తిరిగి నిలబడాలో ఏ నిబంధనలోనూ రాయలేదు. కొండ వైపు తిరగమని నా సలహా. పడితే కనీసం దగ్గర్లోనే పడతారు.

దారి తప్పితే ఏం చెయ్యాలి? "కిందికి నడుస్తూ పో, సముద్రం వస్తుంది" అన్నది పెద్దలు తరతరాలుగా ఇస్తున్న సలహా. వినడానికి భగవద్వాక్యంలా ఉంటుంది. ద్వీపకల్పం మీద కట్టిన ఊళ్లో సముద్రం మూడు వైపులా ఉంటుందని, కిందికి పోయే దారులన్నీ సముద్రానికే చేరినా మీకు కావలసిన సముద్రానికి చేరవని పెద్దలు చెప్పరు. పైగా రెండు కొండల మధ్య పల్లం కూడా కిందే కదా. కిందికి కిందికి నడిచి, సముద్రం బదులు లోయ అడుగున తేలి, మళ్లీ రెండో కొండ ఎక్కాల్సి వచ్చినవాళ్లు ఆ పెద్దల గురించి ఏమంటారో ఇక్కడ రాయలేను. ఒకవేళ నిజంగానే నీళ్ల దాకా చేరారనుకోండి, ఎక్కువసార్లు ఎదురయ్యేది ఇసుక కాదు, ఓడరేవు ప్రహరీగోడ.

స్థానికులను అడగడం ఇంకో మార్గం. కానీ కొండ మీద పుట్టినవాళ్లకు దూరం అడ్డంగానే తెలుస్తుంది. "ఇక్కడే, ఆ మలుపు దాటితే" అంటారు. ఆ మలుపు ఏ ఎత్తులో ఉందన్నది వాళ్లకు వార్త కాదు. అందుకని "ఎంత దూరం?" అని అడక్కండి, "మీ నాన్నగారు వెళ్లగలరా?" అని అడగండి. జవాబు చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆలోచిస్తే అంత ఎత్తు.

గాలి గురించి రెండు ముక్కలు. పగలు నేల నీళ్లకన్నా త్వరగా వేడెక్కుతుంది, అందుకని మధ్యాహ్నానికి గాలి సముద్రం నుంచి ఊళ్లోకి వీస్తుంది. ఒడ్డు నుంచి కొండెక్కేవాళ్లకు అది వెనక నుంచి తోస్తుంది. కొండెక్కేవాడికి లోకంలో అయాచితంగా దొరికే సాయం ఇదొక్కటే కనుక ఎక్కడం అప్పుడే ముగించండి. రాత్రికి గాలి తిరగబడి నేల నుంచి సముద్రానికి పోతుంది. కిందికి దిగేవాళ్లను, అసలే ఆగలేక దిగుతున్నవాళ్లను, వెనక నుంచి తోసేది కూడా అదే.

మెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగను, పాఠకులు ఇప్పటికే అలిసి ఉంటారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బ్లొండెల్ అనే ఆయన మనిషి అడుగును బట్టి మెట్టు కొలత తేల్చాడు. రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు కలిపితే ఇంచుమించు 60 నుంచి 64 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. పాత కొండ వీధుల మెట్లు కట్టిన మేస్త్రీలకు బ్లొండెల్ పరిచయం లేడు. ఒక మెట్టు జానెడు, ఒకటి మూరెడు, ఒకటి మెట్టో రాయో తేలనిది. కాబట్టి పైన కనిపించే దృశ్యం మీద చూపు పెట్టకండి, కాలి కింద పెట్టండి. ఊరు చూడటానికి వచ్చి ఊళ్లో ఉన్న రాళ్లు మాత్రమే చూసి వెళ్తున్నామన్న బాధ కొద్దిరోజుల్లో తగ్గుతుంది.

అంతా ఎక్కాక పైన ఏముంటుందంటే, ఓ ఇనుప కటకటా, నాణెం వేస్తే పనిచేయాల్సిన బైనాక్యులరూ, కింద దూరంగా సముద్రమూ ఉంటాయి. పొద్దున ఆ సముద్రం పక్కనే నిలబడి ఉన్నవాళ్లే దాన్ని దూరం నుంచి చూడటానికి ఇంత ఎక్కారు. దూరపు కొండలు నునుపంటారు. ఆ మాట అన్నవాడు పడవలో కూర్చుని అనుంటాడు.

దిగడమంటే సుఖమన్నది లోకంలో బలంగా పాతుకుపోయిన అపోహ. ఎక్కడం గుండెకు పని, దిగడం మోకాళ్లకు. దిగేటప్పుడు తొడల ముందు కండరాలు సాగుతూనే బరువు మోస్తూ బ్రేకుల పని చేస్తాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులాగి, మీరు ఇంటికి చేరి "ఏం కాలేదు, హాయిగా తిరిగాం" అని అందరికీ చెప్పేశాక మంచం దిగబోతుండగా తెలుస్తుంది. అడుగులు చిన్నవిగా వెయ్యండి, మోకాలు కాస్త వంచి ఉంచండి, బూటు లేసులు బిగించుకోండి, వీలైతే వీధిని అటూ ఇటూ కోస్తూ దిగండి. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కాలిబాటలు చాలావరకు చిన్న చిన్న సున్నపురాయి ముక్కలతో పేర్చారు. జనం పాదాల రాపిడికి అవి అద్దంలా నున్నబడ్డాయి. వాన పడ్డాక వాటి మీద దిగేవాళ్లకు ఈ సూచనలేవీ అక్కర్లేదు. అవి గుర్తొచ్చేలోపే కిందికి చేరుకుంటారు.

తెలివైనవాళ్లు ఈ గొడవంతా లేకుండా యంత్రం ఎక్కుతారు. లిస్బన్‌లో శాంటా జుస్టా లిఫ్టు 1902 నుంచి ఉంది. చిలీలోని వాల్పరైసోలో కొండ వాలు మీద తాడుతో లాగే పెట్టెలు 1883లో మొదలయ్యాయి. వాటిలో చాలా మూతబడ్డాయి గనక మెట్లు కూడా చూసి పెట్టుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కారు, అంటే వీధిలో పట్టాల మీద తాడు లాగే బండి, 1873లో వచ్చింది. వాన తడికి జారిపడుతున్న గుర్రాలను చూసి ఆండ్రూ హాలిడీ మనసు కరిగిందని, అందుకే దాన్ని కనిపెట్టాడని చెబుతారు. గుర్రాల వెనక నడుస్తూ జారిన మనుషుల్ని చూసి ఎవరి మనసైనా కరిగినట్టు కథ లేదు. కేబుల్ కారు వచ్చాక కొండ పైభాగానికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. రైలు కుబేరులు నాబ్ హిల్ మీద భవనాలు లేపారు. వాళ్లలో ఒకడైన లీలండ్ స్టాన్‌ఫర్డ్ 1878లో తన భవనం ముందు నుంచే కేబుల్ లైను వేయించుకున్నాడు. కొండ మీద గాలి ఆరోగ్యానికి మంచిదని సంపన్నులకు ఎప్పుడు తెలిసిందో ఇక్కడ గమనించగలరు.

హాంకాంగ్ దీన్ని ఇంకా పద్ధతిగా చేసింది. పీక్ అనే కొండ మీద ఉండే దొరలు మొదట్లో కూలీలు మోసే పల్లకీ కుర్చీల్లో ఎక్కేవారు. 1888లో ట్రామ్ వచ్చింది. 1904లో చైనావాళ్లు ఆ కొండ మీద నివాసం ఉండకూడదని చట్టమే చేశారు, అది 1946 దాకా నడిచింది. ట్రామ్‌లో ముందు సీటు చాలాకాలం గవర్నరుగారికి రిజర్వు. ఆయన వచ్చినా రాకపోయినా ఆ సీటు కొండెక్కుతూనే ఉండేది. ఒక సీటు ఎక్కినన్నిసార్లు ఆ కొండను సుఖంగా ఎక్కిన మనుషులు తక్కువే ఉంటారు.

ఇప్పుడు అదే ఊళ్లో సామాన్యుల కోసం 1993 నుంచి ఎస్కలేటర్ నడుస్తోంది. దాదాపు 800 మీటర్ల పొడవు, 135 మీటర్ల ఎత్తు, టికెట్ లేదు. ఇళ్లు పైన, ఆఫీసులు కింద కాబట్టి ఉదయం 6 నుంచి 10 దాకా అది కిందికి పోతుంది. 10 దాటాక అర్ధరాత్రి దాకా పైకి. కొండ నగరంలో నడవదలిచినవాళ్లు ప్రయాణం ఖాయం చేసుకునే ముందు ఈ సమయాలు రాసి పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదింటికి కొండెక్కుదామనుకున్నవాళ్లు, పదకొండింటికి దిగుదామనుకున్నవాళ్లు కూడా ఏమీ దిగులు పడనక్కర్లేదు. పక్కనే మెట్లున్నాయి.