“గెలిస్తేనే ఫీజు” అనే లాయరు నిజంగా మంచి లాయరేనా? ఓ ఫార్వర్డ్‌కు జవాబు

వ్యాపారుల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఓ మెసేజ్ నాకే మూడుసార్లు వచ్చింది. బాకీ ఎగ్గొట్టిన పార్టీ మీద కేసు వేసేవాళ్లకు ఐదు సూత్రాలట. గెలిస్తేనే ఫీజు తీసుకుంటానన్న లాయర్నే నమ్మండి. వెళ్తే పెద్ద సీనియర్ దగ్గరికే వెళ్లండి. నోటీసులు పంపుతూ ఉండండి, దావా వేసే గడువు దానంతటదే ఆగుతుంది. లాయరు రాజీ మాట ఎత్తాడంటే అవతలివాళ్లతో కుమ్మక్కయినట్టే. వకాల్తా (మన తరఫున వాదించమని రాసిచ్చే పత్రం) ఇచ్చాక లాయర్ని మార్చలేరు. చదవడానికి ధైర్యంగానే ఉంది కానీ, వీటిని పాటిస్తే నష్టపోయేది మనమే.

మొదటిది, గెలిస్తేనే ఫీజు. ఈ పద్ధతి అమెరికాలో చెల్లుతుంది. మన దేశంలో ఫలితాన్ని బట్టి ఫీజు కుదుర్చుకోవడం, వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం లాయర్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలకు విరుద్ధం. తొలి పరిచయంలోనే సొంత వృత్తి నియమాన్ని పక్కనపెట్టిన మనిషి రేపు మీ కాగితాలను ఎంత జాగ్రత్తగా చూస్తాడో మీరే ఆలోచించుకోండి. నోటీసుకు ఎంత, దావా వేయడానికి ఎంత, తర్వాత వాయిదాలకు ఎంత అని విడివిడిగా అడిగి రాయించుకోండి. కోర్టు ఫీజు వేరేగా కట్టాలి, అది లాయరు జేబులోకి పోయేది కాదు. లాయర్ల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది కాబట్టి, రేపు ఫీజు దగ్గర తేడా వస్తే కన్స్యూమర్ కోర్టుకు వెళ్లే దారి లేదు. చేతిలో రాతకోతలు ఉండాలి అనేది అందుకే.

పెద్ద సీనియర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. సీనియర్ అడ్వొకేట్ హోదా ఉన్నవాళ్లు వకాల్తా వేయరు, క్లయింట్ దగ్గర నేరుగా కేసు తీసుకోరు. మీకు ఎలాగూ మరో లాయరు కావాలి, రోజువారీ పని చేసేది ఆయనే. ఆయన్ని ఇంటర్నెట్ ప్రకటనలు చూసి ఎంచుకోకండి, లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో లాయరు పేరు కొట్టి వెతకొచ్చు. ఆయన నడుపుతున్న కేసులు వ్యాపార దావాలా, విడాకులా, క్రిమినల్ కేసులా అని పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక నోటీసులు. నన్నడిగితే ఈ ఐదింట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇదే. డబ్బు బాకీ మీద దావాకు మామూలుగా మూడేళ్ల గడువు. మీరు పది నోటీసులు పంపినా అది ఒక్క రోజు కూడా పెరగదు.

నా బాకీ కోసం నేను ఇద్దరు లాయర్లను కలిశాను. మొదటాయన ఫైలు విప్పకుండానే “ఆర్నెల్లలో కక్కిస్తా” అన్నారు. రెండో ఆవిడ బిల్లులన్నీ టేబుల్ మీద తేదీల వారీగా పేర్చి, నాలుగింటిని పక్కకు జరిపారు. “వీటికి ఇరవై రెండు రోజులే టైముంది” అన్నారు. నేనేమో రెండు నోటీసులు పంపి నిశ్చింతగా ఉన్నాను! టెన్షన్‌తో ఫైలంతా తిరగేస్తుంటే, ఏడాది కిందట మా అకౌంటెంట్ తెప్పించిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ (ఇంత బాకీ ఉన్నామని ఒప్పుకునే ఉత్తరం) బయటపడింది. కింద అవతలి పార్టీ సంతకం ఉంది. “ఇది ముందు చూపించొద్దూ!” అన్నారావిడ. గడువు దాటకముందే బాకీ ఉన్నామని సంతకం చేసి ఇస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆ తర్వాత ఆవిడ ఒప్పందం చివరి పేజీలు తిప్పి ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే తగాదా వస్తే కోర్టు బయట ఆర్బిట్రేటర్ దగ్గర తేల్చుకోవాలనే షరతు ఉందా అని చూశారు. అది ఉండగా మనం కోర్టుకెళ్తే, అవతలివాళ్లు మొదట్లోనే దాన్ని చూపించి కేసును ఆర్బిట్రేషన్‌కు పంపించమంటారు. మొదటాయన ఈ రెండింట్లో ఒక్కటీ అడగలేదు.

చెక్కు బౌన్సయితే టైం ఇంకా తక్కువ. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక అవతలివాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు వేయాలి.

రాజీ అంటే కుమ్మక్కేనా? 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టాన్ని 2018లో సవరించారు. 3 లక్షలు, ఆపై విలువున్న వ్యాపార వివాదంలో, అర్జెంటుగా స్టే లాంటి ఉత్తర్వు అవసరమైతే తప్ప, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఇది తప్పనిసరని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో చెప్పింది. ఆ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను కోర్టు తిప్పికొడుతుంది. కాబట్టి “ముందు మీడియేషన్‌కు అప్లై చేద్దాం” అన్న లాయరు చట్టం చెప్పిందే చేస్తున్నాడు. మూడు నెలలు పడుతుంది, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు. ఆ కాలాన్ని మూడేళ్ల గడువులో లెక్కించరు. అక్కడ కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో (ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పుతో) సమానమైన బలం ఉంటుంది. అనుమానించాల్సింది, మిమ్మల్ని అడక్కుండా అవతలివాళ్లకు అంకె చెప్పేసే లాయర్ని.

చివరిది, లాయర్ని మార్చలేరట. నిక్షేపంగా మార్చుకోవచ్చు. పాత లాయరు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుంటారు, ఆయన ఇవ్వనంటే కోర్టు అనుమతితో మారొచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు తన దగ్గరే అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనకు రావాల్సింది ఉంటే విడిగా రాబట్టుకోవాలి. అయితే దావా మీ మీద పడి, అది కమర్షియల్ దావా అయితే మాత్రం నాన్చకండి. సమన్లు అందిన 120 రోజుల తర్వాత మీ జవాబును కోర్టు తీసుకోదు. ఫైలు వెనక్కి తీసుకునేటప్పుడు ఒరిజినల్ బిల్లులు, చెక్కు రిటర్న్ మెమో (చెక్కు బౌన్సయిందని బ్యాంకు ఇచ్చే కాగితం) అక్కడే లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే ముట్టినట్టు సంతకం పెట్టండి.