క్రెడిట్లకి వీసా రాలేదు

ఉన్నత విద్యలో అంతర్జాతీయ సహకారం అంటే ఏంటో తెలీనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. రెండు యూనివర్సిటీల పెద్దలు ఒక పొడవాటి టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే కాగితం మీద రెండేసి సంతకాలు పెట్టి, ఆ ఫైల్ ఒకరికొకరు ఇచ్చుకుంటూ కెమెరా వైపు నవ్వుతారు చూడండి, అదీ సహకారం. ఆ కాగితాన్ని ఎంఓయూ అంటారు, అంటే అవగాహన ఒప్పందం. దాని ఆయుష్షు మామూలుగా ఐదేళ్ళు, ప్రాణం ఉండేది మాత్రం ఆ ఫోటో దిగినంతసేపే. ఇందులో తప్పేం లేదు, నేనైతే ఈ వ్యవస్థకి గట్టి మద్దతుదారుని. నా ఫిర్యాదల్లా స్టూడెంట్ల మీదే. అన్నీ సవ్యంగా జరుగుతున్న టైంలో ఎవడో ఒకడు నిజంగానే అవతలి యూనివర్సిటీకి చదవడానికి వెళ్తానని అప్లికేషన్ పట్టుకుని వస్తాడు, అక్కడే వస్తుంది తంటా అంతా.

యూరప్‌లో స్టూడెంట్లని కొన్నాళ్ళు వేరే దేశం యూనివర్సిటీకి పంపే ఈ ముచ్చట 1987లో ఎరాస్మస్ పేరుతో మొదలైంది, మొదటి ఏడాది 11 దేశాలు, 3,244 మంది స్టూడెంట్లు. ఇప్పటిదాకా వెళ్ళొచ్చినవాళ్ళు కోటిన్నర దాటారు. పేరు ఎవరిదంటే రోటర్‌డామ్‌కి చెందిన పాత పండితుడు ఎరాస్మస్‌ది, ఆయన పారిస్‌లో చదివి, కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పి, బాసెల్‌లో కన్నుమూశాడు. 1506లో ట్యూరిన్‌కి వెళ్ళి కొద్దిరోజులే ఉండి డాక్టరేట్ పుచ్చుకొచ్చాడు. ఇవాళ ఆయనే తన పేరున్న స్కీమ్‌కి అప్లై చేస్తే ఏమవుతుందో ఆలోచించండి, లెర్నింగ్ అగ్రిమెంట్ ఏదయ్యా, మీ డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్ సంతకం ఏది, ఇన్ని తక్కువ రోజులకి ఇన్ని క్రెడిట్లు ఎలా వచ్చాయి అని ఫైల్ పక్కన పడేస్తారు. అదృష్టవంతుడు, ముందే పుట్టేశాడు.

లెర్నింగ్ అగ్రిమెంట్ గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ శాస్త్రం మొత్తానికి మూలం అదే. వెళ్ళేముందు ఒక పట్టిక, అక్కడున్నప్పుడు ఇంకో పట్టిక, వచ్చాక మూడో పట్టిక. మొదటిదాంట్లో స్టూడెంట్ తను చదవబోయే సబ్జెక్టులు రాస్తాడు, అక్కడి వెబ్‌సైట్‌లో చూసి రాస్తాడు పాపం, తీరా వెళ్ళాక తెలుస్తుంది వాటిల్లో ఒకటి ఈ సెమిస్టర్‌లో లేదని, ఇంకోటి అక్కడి భాషలోనే చెప్తారని, మిగిలిన రెండూ మంగళవారం ఒకే టైంకని. అందుకే రెండో పట్టిక పెట్టారన్నమాట, ఎంత ముందుచూపో! దానికి మళ్ళీ మూడు సంతకాలు, స్టూడెంట్‌ది, ఇక్కడివాళ్ళది, అక్కడివాళ్ళది. మూడోది చేరేసరికి సెమిస్టర్ సగం అయిపోతుంది, మెయిల్‌కి ఆటోమేటిక్ రిప్లై మాత్రం సెకన్లలో వస్తుంది, సార్ స్టాఫ్ మొబిలిటీలో ఉన్నారు అని, అంటే ఆయన కూడా ఇదే స్కీమ్ కింద ఇంకో దేశం వెళ్ళారన్నమాట.

సరే, చదివేశాడు, పరీక్షలు రాశాడు, 30 క్రెడిట్లతో తిరిగొచ్చాడు. ఇక్కడ లెక్క చాలా సైంటిఫిక్, ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు, అన్ని దేశాలకీ అర్థమయ్యేలా పెట్టుకున్న కొలత. పైగా 1997 నాటి లిస్బన్ ఒప్పందం ఒకటుంది, గణనీయమైన తేడా ఉందని చూపిస్తే తప్ప బయటి చదువుని గుర్తించాల్సిందే అని, ఆ చూపించే బాధ్యత కూడా గుర్తించనన్నవాళ్ళదే అని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. కోఆర్డినేటర్ గారు ట్రాన్స్‌క్రిప్ట్, అంటే అక్కడి మార్కుల పట్టిక, తీసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, వేలితో ఒక్కో లైనూ కిందికి దిగుతూ వస్తారు. "ఇందులో మన ఐదో యూనిట్ లేదే" అంటారు. ఆ ఐదో యూనిట్ ఇక్కడ కూడా ఏ ఏడాదీ చెప్పరు, టైం సరిపోక వదిలేస్తారు, కానీ సిలబస్‌లో ఉందా లేదా, ఉంది! అదే గణనీయమైన తేడా. 30 కాస్తా 18 అవుతుంది. మనిషికి వీసా దొరికింది, క్రెడిట్లకి దొరకలేదు, అవి ఏ ఎయిర్‌పోర్టులోనో కూర్చునుంటాయి.

ఇక డబ్బు సంగతి. గ్రాంట్ ఉంటుంది, లేదని కాదు, కానీ చాలాచోట్ల చివరి వాయిదా తిరిగొచ్చి రిపోర్ట్ సబ్మిట్ చేశాకే చేతికొస్తుంది. రూమ్ ఓనర్‌కి అడ్వాన్స్ మాత్రం వెళ్ళకముందే కట్టాలి, ఆయనకి రిపోర్ట్‌తో పనిలేదు. అందుకని ఎవరు వెళ్తారంటే ఆల్రెడీ వెళ్ళగలిగినవాళ్ళే వెళ్తారు, ఇంట్లో సర్దగలిగినవాళ్ళు, పార్ట్‌టైమ్ ఉద్యోగం మానేసినా ఇబ్బంది లేనివాళ్ళు. దీన్నే బ్రోషర్‌లో అందరికీ సమాన అవకాశం అని రాస్తారు, ఫాంట్ కూడా బాగుంటుంది.

బ్రిటన్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఎరాస్మస్ నుంచి బయటికొచ్చి 2021లో ట్యూరింగ్ పేరుతో సొంత స్కీమ్ పెట్టారు, బయటికి వెళ్ళే తమ స్టూడెంట్లకి డబ్బిస్తాం, లోపలికొచ్చేవాళ్ళ ఖర్చు మాది కాదు అని. ఇచ్చిపుచ్చుకోవడంలో పుచ్చుకునే బాధ తీసేశారు, శభాష్.

టార్గెట్లంటే కూడా నాకు మహా గౌరవం. 2009లో బెల్జియంలోని లూవెన్‌లో యూరప్ ఉన్నత విద్యా మంత్రులంతా కూర్చుని, 2020 నాటికి పట్టా పుచ్చుకునేవాళ్ళలో కనీసం 20 శాతం మంది బయట చదివో ట్రైనింగ్ చేసో వచ్చుండాలని తీర్మానించారు. 2020 వచ్చింది, 20 శాతం రాలేదు. పైగా అదే ఏడాది కోవిడ్ వచ్చి విమానాలే ఆగిపోయాయి, అప్పుడు వర్చువల్ మొబిలిటీ అనే మాట బాగా పైకొచ్చింది, అంటే కదలకుండా కదలడం. ఇంట్లో అదే కుర్చీ, అదే గోడ, కానీ నువ్వు ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌వి. దీని ముందు అద్వైతం కూడా దిగదుడుపే!

స్టాఫ్ మొబిలిటీ మీద మాత్రం నేను ఎవర్నీ ఒక్క మాట అననివ్వను. అది సాఫీగా నడుస్తుంది, ఎందుకంటే వెళ్ళేదీ వాళ్ళే, సంతకం పెట్టేదీ వాళ్ళే. ఎరాస్మస్ రూల్ ప్రకారం పాఠం చెప్పడానికి వెళ్తే వారానికి కనీసం 8 గంటలు చెప్పాలి, ఆ 8 గంటలకి వినేవాళ్ళని పోగుచెయ్యడం ఆతిథ్య యూనివర్సిటీ పని, దొరికినవాళ్ళని కూర్చోబెడతారు. ట్రైనింగ్‌కి వెళ్తే స్టాఫ్ వీక్ అని ఉంటుంది. ప్రతి ఒక్కరూ తమ యూనివర్సిటీ మీద ప్రెజెంటేషన్ ఇస్తారు, స్థాపించిన సంవత్సరం, ఎంతమంది స్టూడెంట్లు, డ్రోన్‌తో తీసిన మెయిన్ బిల్డింగ్ ఫోటో, చివర్లో థాంక్యూ అని ఓ స్లైడు. పదకొండోవాడు మొదలెట్టేసరికి అందరూ ఫోన్లలో రిటర్న్ టికెట్ చెక్ చేసుకుంటూ ఉంటారు. జాబ్ షాడోయింగ్ ఇంకా బాగుంటుంది, మూడు రోజులు ఒకరి వెనక నీడలా తిరగాలి, ఆ ఒకరు కూడా ఆ వారం ఇంకెక్కడో ఎవరికో నీడగా ఉంటే అదృష్టం.

కాబట్టి నాదొక చిన్న ప్రతిపాదన. కోఆర్డినేటర్ గార్లని స్టాఫ్ కోటాలో పంపడం ఆపేసి ఒక్క సెమిస్టర్ స్టూడెంట్‌గా పంపండి. డైలీ అలవెన్స్ వద్దు, రూమ్ అడ్వాన్స్ సొంతంగా కట్టుకుంటారు, మంగళవారం రెండు క్లాసులకీ ఒకేసారి హాజరవుతారు, రెండో పట్టిక మీద మూడో సంతకం కోసం మెయిల్ పెట్టి ఆటోమేటిక్ రిప్లై చదువుకుంటారు. తిరిగొచ్చాక ఆ ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకెళ్ళి పక్క రూములో కొలీగ్‌కి ఇచ్చి గుర్తింపు అడుక్కోవాలి. ఆ కొలీగ్ ప్రమోషన్ ఫైల్ మీద కిందటేడు ఈయనే కొర్రీ వేసుంటే మరీ మంచిది.