వాగ్దానపు కార్డుగారికి ఒక విశ్వాసి రాసిన ఉత్తరం

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన వాగ్దానపు కార్డుగారికి,

మన రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వందనములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా మా బీరువా తలుపు మీద, పసుపు తిరిగిన సెల్లోటేపు కింద, క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వ్రాయునది ఏమనగా:

డిసెంబరు 31 రాత్రి మా మందిరంలో, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి దేవుని వాగ్దానంగా ఒక్కో బైబిలు వచనం పట్టుకొచ్చే మీ వైభవం చెప్పనలవి కాదు. పాటలు అయిపోతాయి, సాక్ష్యాలు అయిపోతాయి, పన్నెండుకు పది నిమిషాలుందనగా అందరం మోకాళ్ల మీద ఉంటాం. బయట టపాకాయలు పేలగానే లేచి ఒకరికొకరు చేతులు కలుపుకుంటాం. అసలు ఘట్టం ఆ తర్వాతే. స్టీలు పళ్లెంలో బోర్లా పడుకుని తమరు వేంచేస్తారు. ఒకవైపు సూర్యోదయమో జలపాతమో గులాబీయో. రెండోవైపు పన్నెండు నెలల క్యాలెండరు, పాస్టరు అయ్యగారూ అమ్మగారూ నవ్వుతున్న ఫోటో, సెల్ నంబరు. వీటన్నిటికీ పోగా మిగిలిన జాగాలో దేవుని మాట.

ప్రసంగంలో కునికినవాళ్లు కూడా అప్పుడు నిటారుగా లేస్తారు. కళ్లు మూసుకుని "ప్రభువా, నాతో మాట్లాడు" అని, పైనున్న కార్డును వదిలేసి అడుగునున్నదాన్ని లాగుతాం. పైనున్నది దేవుడు పక్కవాళ్లకు ఉద్దేశించాడని మా గట్టి విశ్వాసం. మా స్త్రీల సమాజంలో ఒకావిడ ఏటా రెండు తీస్తారు. రెండోది ఊళ్లో లేని కొడుక్కట. రెండూ చదివి చూశాక ఏది కొడుకుదో తేలుతుంది.

ఇదే మందిరంలో ఒకసారి అయ్యగారు చిలకజోస్యాన్ని గంటసేపు దుమ్మెత్తిపోశారు. పంజరం తలుపు తీస్తే చిలక బయటికొచ్చి పేర్చిన కార్డుల్లోంచి ఒకటి ముక్కుతో లాగుతుంది, దాన్ని నమ్మేవాడు జీవముగల దేవుణ్ణి ఎరగనివాడు అన్నారు. మేమంతా ఆమేన్ అన్నాం. నాకు తోచిన తేడా ఒక్కటే. అక్కడ చిలకను పెట్టుకున్నారు, ఇక్కడ ఆ పని కూడా మేమే చేసుకుంటాం.

మీ వంశం చిన్నదేమీ కాదని తెలుసు. బొగాట్స్కీ అనే జర్మను భక్తుడు 1718లోనే రోజుకో వచనం చొప్పున కూర్చి పుస్తకం అచ్చేశాడు. జర్మనీలోని హెర్న్‌హుట్ ఊళ్లో మొరావియన్ సహోదరులనే క్రైస్తవ సంఘంవారు 1731 నుంచి ఏటా దినవచనాల పుస్తకం వేస్తున్నారు. ఏ రోజుకు ఏ వచనమో ఇప్పటికీ చీట్లు తీసే తేలుస్తారు. బైబిలును తెలుగు చేయడానికి మొదట పూనుకున్న బెంజమిన్ షుల్జ్ కూడా ఆ జర్మను భక్తిలోంచే, హాలె పట్టణం నుంచి వచ్చినవాడు. కాబట్టి మీకూ మాకూ చుట్టరికం పాతదే. కాకపోతే మొరావియన్ల చీటీ ఆ పూటకు అందరికీ ఒకటే. పైగా పాత నిబంధనలోంచి వచ్చిన మాటకు సరిపడేది కొత్త నిబంధనలో వెతికి జతచేస్తారు. నీ జాతకం నీది, నా జాతకం నాది అనే పద్ధతి మాత్రం మన పళ్లెంలో పెరిగినదే.

మీ తరఫు వకీళ్లు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం తెరుస్తారు. యేసును పట్టిచ్చిన యూదా స్థానంలోకి అపొస్తలుడిగా మత్తీయను చీట్లు వేసే తీసుకున్నారు కదా అంటారు. నిజమే. పేజీ తిప్పితే రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. ఇక ఆ తర్వాత దేవుని చిత్తం తెలుసుకోవడానికి సంఘం చీట్లు వేసినట్టు కొత్త నిబంధనలో మరెక్కడా కనబడదు. పదిహేనో అధ్యాయంలో పెద్ద చిక్కే వచ్చింది. అన్యజనులు సున్నతి పొందాలా వద్దా అని యెరూషలేములో పెద్దలంతా కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. పేతురు లేచి మాట్లాడాడు, పౌలు, బర్నబాలు జరిగింది చెప్పారు, యాకోబు ప్రవక్తల మాట ఎత్తాడు. అప్పుడు గానీ "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరం రాయలేదు. మన దగ్గర అంత వాదన జరిగితే దేవుని స్వరం వినబడే లోపే పక్క వీధిలో కొత్త మందిరం బోర్డు లేస్తుంది. (దానికీ ప్రారంభ కూడికలో కార్డులు పంచుతారు.)

అసలు సంగతికొస్తాను. మీరు చెప్పే మాటల మీద నాకు పేచీ లేదు, చెప్పకుండా మింగేసే వాటి మీదే ఉంది. ద్వితీయోపదేశకాండము 28లో 68 వచనాలున్నాయి. "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్నది 13వ వచనం. ప్రెస్సువాళ్ల బైబిలు 14తో అయిపోతుంది. 15 నుంచి 68 దాకా శాపాలు. 44వ వచనానికి వెళ్తే పరదేశి తల అవుతాడు, నువ్వు తోక అవుతావు. అదే తల, అదే తోక. మధ్యలో "విననియెడల" అన్న మాటొకటి ఉంది, అంతే. ఆ మాటకు కార్డు మీద చోటు చాలలేదు కాబోలు, క్యాలెండరు అడ్డొచ్చి ఉంటుంది.

ఇక యిర్మీయా 29:11 లేని పళ్లెం నేనింతవరకు చూడలేదు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." మావాళ్లు దీన్ని జేబులో పెట్టుకుని అమెరికా వీసా ఇంటర్వ్యూకు వెళ్తారు. ఇది ఒక ఉత్తరంలోని మాట. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు ప్రవక్త యిర్మీయా రాసిన ఉత్తరం. ఒక్క వచనం పైకి జరిగితే 70 ఏళ్లు గడవాలని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దల్లో చాలామంది అక్కడి మట్టిలోనే కలిసిపోతారు. ఈలోగా చేయమన్న పనులేమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి. వీసా తిరస్కరించినవాడి కోసం ప్రార్థన చేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేను ఈ ఉత్తరం చింపేస్తాను.

దానికి ముందరి అధ్యాయం మీరు తప్పకుండా చదవాలి, అందులో మీ పెద్దన్న ఉన్నాడు. పేరు హనన్యా. మందిరంలో, యాజకులందరి ఎదుట నిలబడి, దేవుడే సెలవిచ్చాడంటూ, బబులోనువాళ్లు దోచుకుపోయినవన్నీ రెండేళ్లలో తిరిగొస్తాయని చెప్పాడు. యిర్మీయా ఏమన్నాడనుకుంటున్నారు? ఆమేన్ అన్నాడు! అలాగే జరుగును గాక అన్నాడు. జనం బాగుపడితే అతనికి మాత్రం చేదా? కాని తనకు ఇష్టమైన మాట గనుక అది దేవుని మాటే అయి ఉంటుందని అతననుకోలేదు. శాంతి కలుగుతుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడు గదా సంగతి తేలేది అన్నాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా అతను మెడ మీద వేసుకున్న కాడిని హనన్యా లాగి విరగ్గొడితే, యిర్మీయా మారుమాట్లాడకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. దేవుని మాట తరవాత వచ్చింది. హనన్యా ఆ ఏడే ఏడో నెలలో చనిపోయాడు. రెండేళ్లన్నవాడు అబద్ధికుడు, డెబ్బై ఏళ్లన్నవాడు ప్రవక్త. మా ఓటు మాత్రం ఎప్పుడూ రెండేళ్లకే. "ఈ సంవత్సరమే" అంటే కానుక ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ముందు వెనకలు కోసేసి ఒక్క వాగ్దానాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టడమనే విద్యలో మీకంటే పెద్ద గురువు ఒకడున్నాడు. వాడు సాతాను. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తనలోని 11, 12 వచనాలు అప్పజెప్పాడు. నాగుపాముల్ని తొక్కుతావన్న 13 దగ్గరికి రాగానే గొంతు పట్టేసింది. యేసు ఆ కార్డు తీసుకోలేదు. "ప్రభువైన నీ దేవుని శోధింపవలదు" అన్న ఇంకో లేఖనం చెప్పాడు.

మీరొక్కరే దోషులని కాదు సుమా. "దేవుడు నాతో మాట్లాడాడు" అన్న మాటతో మా ఇళ్లల్లో ఎన్ని పనులు చక్కబడతాయో! సంబంధం నచ్చకపోతే "ప్రార్థనలో పెట్టాం, ప్రభువు వద్దన్నాడు" అంటాం. పిల్ల ఒడ్డూపొడుగూ మీద ప్రభువుకున్న పట్టింపు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కట్నం తీసుకోవాలా వద్దా అని ఆయన్ను అడిగిన ఇల్లు మాత్రం నాకు తగల్లేదు. అది పెద్దమనుషులు మాట్లాడుకునే విషయం, ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని కాబోలు. రోడ్డు పక్క స్థలం కొనమని మాట్లాడినవాడు, అదే స్థలంలో గుడిసె వేసుకున్నవాళ్ల గురించి ఒక్క ముక్క మాట్లాడడు. ఇప్పుడు ఫోన్లో కూడా వినబడుతున్నాడు: "ఈ వీడియో నీ కంట పడటం యాదృచ్ఛికం కాదు, దేవుడు నీతోనే మాట్లాడుతున్నాడు, స్కిప్ చేయకు." ప్రవక్త ఏలీయాకు గాలిలో, భూకంపంలో, మంటలో కనబడనివాడు సబ్‌స్క్రైబ్ గంటలో దొరికాడు.

ఏలీయాకు చివరికి నిమ్మళంగా వినబడిన ఆ స్వరం ఏమందో గుర్తుందా? వాగ్దానం చేయలేదు. "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని అడిగింది. ఏదెనులో పండు తిన్నాక ఆదాము విన్న మొదటి మాట కూడా "నీవు ఎక్కడ ఉన్నావు" అనే. తమ్ముణ్ణి చంపిన కయీనునూ "నీ తమ్ముడైన హేబెలు ఎక్కడున్నాడు" అనే అడిగింది. బాలుడైన సమూయేలు మూడుసార్లు దాన్ని యాజకుడైన ఏలీ గొంతే అనుకుని లేచి పరిగెత్తాడు, నాలుగోసారికి గుర్తుపట్టాడు. గుర్తుపట్టాక విన్న మొదటి వర్తమానం ఏమిటంటే, తనను పెంచిన ఏలీ ఇంటి మీదికి రాబోయే తీర్పు. తెల్లారి చెప్పడానికి పిల్లవాడు భయపడ్డాడు. కార్డుగారూ, మిమ్మల్ని పట్టుకుని ఎవరైనా భయపడగా చూశారా? మీరు ఎవరినైనా, ఏ ఒక్కనాడైనా, ఏమైనా అడిగారా?

"నా గొఱ్ఱెలు నా స్వరము వినును" అన్నాడు ప్రభువు. నా గొఱ్ఱెలు నా చీటీ తీయును అనలేదు.

ఒక ఏడాది మిమ్మల్ని మా నాయనమ్మకు చదివి వినిపించాను. ఆవిడకు అక్షరం ముక్క రాదు. కానీ మా తాతయ్య ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం బైబిలు పైకి చదువుతుంటే వింటూ బియ్యం ఏరుకునేది. ఆదికాండం నుంచి ప్రకటన దాకా ఎన్నిసార్లు విందో లెక్కలేదు. ఆ ఏడు ఆవిడ పేరున తీసింది మీ కుటుంబంలోకెల్లా పేరుపడ్డవారు. గృహప్రవేశం కార్డుల మీదా, కొట్ల గోడల మీదా, ఆటోల వెనకా ఉండే "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు".

"యాడిదిరా ఆ మాట?" అంది.

"యోబు 8:7, నాయనమ్మా."

"యోబులో శానామంది మాట్లాడతారు గదా. ఇది ఎవురన్నది?"

బైబిలు తీసి చూశాను. షూహీయుడైన బిల్దదు.

"వాడా! పిల్లలందర్నీ పోగొట్టుకుని బూడిదలో కూచున్నోడితో, నీ పిల్లలు పాపం చేసి పొయ్యారన్నోడు! దేవుడు ఆఖర్న ఆళ్లకి చీవాట్లు పెట్టలా? వాడి మాట నాకెందుకు తెచ్చావురా?"

పెట్టాడు. 42:7లో ఉంది. మీరు నన్ను గురించి సరిగ్గా మాట్లాడలేదని, ఆ ముగ్గురు స్నేహితుల మీదా నా కోపం మండుతోందని దేవుడే అన్నాడు. ఆ దేవుడే మా మందిరంలో ఏటా అదే మాటను పళ్లెంలో పెట్టి పంచుతున్నాడని మేం సాక్ష్యం చెబుతున్నాం. చివరికి యోబు మహాభివృద్ధి పొందాడు కదా అని మీరు వాదించవచ్చు. పొందాడు, మొదటికంటే ఎక్కువే పొందాడు. అయినా బిల్దదు తరఫున యోబే బలి దగ్గర ప్రార్థన చేయాల్సి వచ్చింది. ప్రవక్త చెప్పిన సూచన నిజమైనా సరే, వాడు ఇంకో దేవుడి వెంట పోదాం రమ్మంటే వినొద్దని ద్వితీయోపదేశకాండము 13 చెబుతోంది. నాయనమ్మకు ఆ అధ్యాయం నంబర్లు తెలియవు. గొంతు తెలుసు.

విన్నపం ఒకటుంది. ఈసారి ప్రెస్సుకు వెళ్లేటప్పుడు కొన్ని కొత్తవి కలుపుకోండి. "నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు." యిర్మీయా 45:5, గులాబీ బొమ్మతో బాగుంటుంది. "లోకములో మీకు శ్రమ కలుగును", ఇది సాక్షాత్తు యేసు చేసిన వాగ్దానం, ఇంతవరకు ఎవరి విషయంలోనూ తప్పలేదు. దాని వెనక భాగం "ధైర్యము తెచ్చుకొనుడి" మీరెలాగూ వేస్తున్నారు, ముందు భాగానికి అన్యాయం జరుగుతోంది. బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులతో అన్న "మీ జీతములతో తృప్తిపొంది యుండుడి" మాటను రెవెన్యూ ఆఫీసులో పనిచేసే మా సంఘ పెద్ద ఎదురుగా పెట్టండి. "మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అన్న యాకోబు 5:4ను జలపాతం బొమ్మ మీద వేస్తే, నాట్లు వేయించే రైతు సోదరుడు చూడకుండానే లాగుతాడు. లాగాక "మార్చుకోవచ్చా అయ్యగారూ" అని వరుస కడతారు. రెండు కార్డులు తీసే మా అక్కగారు ఆ రాత్రి కొడుక్కి ఎన్ని కేటాయిస్తారో నాకు చూడాలనుంది.

ఇవేవీ కుదరకపోతే, కనీసం యోబు 8:7 కింద "ప్రభువు నీకిచ్చిన వాగ్దానము" అనే అక్షరాలు తీయించి "బిల్దదు" అని వేయించండి. ఫోటో కావాలంటే అయ్యగారి పక్కన కాస్త ఖాళీ ఉంది.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడొకడు