ఎన్నడూ తప్పు బటన్ నొక్కని పర్సోనా గారికి

మహారాజశ్రీ పర్సోనా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం విడిగా అడగవలసిన పని లేదు. యాప్ ఎవరికోసమో గుర్తుండేందుకు డిజైనర్లు కల్పించుకునే ఊహా వినియోగదారు మీరు; ఖాళీలు నింపే టెంప్లేటులో పుట్టినవారికి చూపు మందగించదు, వేళ్లు వణకవు, ఒక చేత్తో సంచీ మోస్తూ రెండో చేతి బొటనవేలితో ఫోను నొక్కవలసిన అగత్యం అంతకన్నా ఉండదు.

ఇంటర్‌ఫేస్ (అంటే యాప్ తెరల) డిజైన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడో వారంలో, అసైన్‌మెంటు గడువుకు ముందురోజు రాత్రి, మిమ్మల్ని నేనే సృష్టించిన సంగతి మీకు తెలియకపోవచ్చు. 34 ఏళ్ల వయసు, ఎవరిదో చిరునవ్వు ఫొటో, ‘సమయం ఆదా చేసుకోవాలి’ అనే జీవితాశయం, ‘గజిబిజి యాప్‌లంటే చిరాకు’ అనే ఏకైక కష్టం, అన్నీ కలిపి ఇరవై నిమిషాల్లో మీకు ప్రాణం పోశాను. మీ ఇష్టాయిష్టాలు నావాటితో పొల్లుపోకుండా సరిపోవడం చూసి అప్పట్లో నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు.

డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకునే యాప్ ఒకటి మీకోసం గీశాను. మెనూను మూడు గీతల వెనక దాస్తే మీరు ఇట్టే కనిపెట్టారు. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు పెడితే హాయిగా చదివేశారు. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకూ వెనకరంగుకూ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలన్న వెబ్ యాక్సెసిబిలిటీ నియమం మీవంటి దివ్యదృష్టి గలవారికి వర్తించదు కదా.

మీ వంశచరిత్ర చదివాక మొదటి అనుమానం పుట్టింది. అలన్ కూపర్ అనే సాఫ్ట్‌వేర్ రూపకర్త 1983లో ఒక ప్రోగ్రామ్ రాసేముందు, అలాంటి పని రోజూ చేసే కొందరితో కూర్చుని మాట్లాడి, ఆ మాటల్లోంచి మీ పూర్వీకులను తయారుచేసుకున్నారట. 1999లో తన పుస్తకం ద్వారా మీ జాతిని లోకానికి పరిచయం చేశారు. అంటే మీ పూర్వీకులకు రక్తమాంసాలున్న బంధువులు ఉండేవారన్నమాట. మీకున్న బంధువును నేనొక్కణ్ణే.

ఇక జరిగినది విన్నవించుకుంటాను. మా శిక్షకురాలు నా రంగురంగుల స్క్రీన్లు పక్కన పెట్టించి, వాటినే పెన్సిలుతో కాగితాలమీద గీసుకుని ఐదుగురు అసలు మనుషుల ముందు కూర్చోమన్నారు. (జెఫ్ హాకిన్స్ తన పామ్‌పైలట్ అనే అరచేతి కంప్యూటరు తయారుకాకముందే జేబులో ఒక చెక్కముక్క వేసుకుని తిరుగుతూ, దానిమీదే రాసుకుంటున్నట్టు నటించేవారట. నేను మాత్రం బటన్ల గుండ్రటి మూలలకూ వాటి కింద పడే నీడలకూ తొమ్మిది రోజులు ధారపోశాను.) కంప్యూటరు పాత్ర నాదే: వాళ్లు వేలు పెట్టినప్పుడల్లా తరువాతి కాగితం ముందుకు జరపాలి, వాళ్లు మనసులో అనుకునేది పైకి చెబుతుంటే రాసుకోవాలి, సాయం మాత్రం చేయకూడదు.

మొదట వచ్చిన పెద్దావిడను అపాయింట్‌మెంటు మరో రోజుకు మార్చుకోమని అడిగాను. ఆ మూడు గీతలను ఆవిడ అలంకారమనుకున్నారు. తేదీ చుట్టూ ముచ్చటపడి గీసిన గడిని బటన్ అనుకుని నాలుగుసార్లు నొక్కారు. తిరిగి తిరిగి ఎలాగో ‘అపాయింట్‌మెంటు రద్దు చేయాలా?’ అన్న ప్రశ్న దగ్గరికి చేరారు. దాని కింద ‘రద్దు’, ‘సరే’ అని నేను గర్వంగా పెట్టిన రెండు బటన్లు ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, “రద్దు నొక్కితే అపాయింట్‌మెంటు రద్దవుతుందా బాబూ, రద్దు చేయడం రద్దవుతుందా?” అని అడిగారు. జవాబు చెప్పకూడదన్న నియమం ఆ క్షణంలో నా పరువు కాపాడింది. ఎందుకంటే జవాబు నాకూ తెలియదు. చివరికి ఆవిడ, “తప్పు నాదేలే నాయనా, ఇవన్నీ నాకు రావు” అని నన్నే ఓదార్చారు. తప్పంతా నాదైతే క్షమాపణ ఆవిడ చెప్పుకోవలసి వచ్చింది. ఇన్నాళ్ల మన పరిచయంలో మీరు ఒక్కసారైనా అలా తలవంచుకున్నారా?

మిగిలిన నలుగురిలో ముగ్గురు అదే ‘రద్దు’ దగ్గర ఆగిపోయారు. రబ్బరుతో చెరిపి ‘తీసేయి’, ‘ఉంచు’ అని రాయడానికి నాకు అర నిమిషం పట్టింది. ముందువారం అదే తెరను నిగనిగలాడే రూపంలో చూసిన స్నేహితులందరూ నీలంరంగు బాగుందని మాత్రమే అన్నారు. అంత అందంగా ఉన్నదాన్ని పట్టుకుని అర్థం కాలేదనడానికి ఎవరికి నోరొస్తుంది?

అయినా మిమ్మల్ని పనిలోంచి తీసేయడం లేదు. రేపటినుంచి మీ వయసు 67. మీకు కళ్లజోడు ఉంటుంది, బొటనవేలు కాస్త వణుకుతుంది, ఏది నొక్కితే ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. ఇవన్నీ ఆ ఐదుగురి మాటలు రాసుకున్న కాగితాల్లోంచి తెచ్చినవే. చిరునవ్వు ఫొటో తొలగించబడింది. ఈ మార్పులమీద మీకు అభ్యంతరముంటే ‘రద్దు’ నొక్కండి. ఏది రద్దవుతుందో మాత్రం నన్ను అడగవద్దు.

ఇట్లు,
మీ ఏకైక బంధువు